ఇనుము తగలకూడని గింజలు

“ఆ డబ్బా పోతే ఒకావిడ జీవితం పోయినట్టే,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ పిచ్చుక అప్పటికే లేచి నిలబడ్డాడు. కుదురుగా కూర్చోవడం అతని జాతకంలో లేదు. అసైన్‌మెంట్ సూటిగానే ఉంది. ఇనుము దండిగా ఉండే కొత్త వరి వంగడం. మూలవిత్తనమంతా అరచేతిలో పట్టే ఆ ఒక్క డబ్బాలోనే. మధ్యాహ్నం వ్యాన్‌లో సీడ్ ఫారానికి వెళ్లాలి. ఈలోగా దాన్ని కాజేసి, మొలకెత్తని గింజలు పెట్టాలని విదేశీ ముఠా చూస్తోంది. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. పేరు మల్లె. ఆమె కూడా ఇలాంటి గింజలమీదే ఏళ్లుగా పనిచేసిన బయోకెమిస్టట. కోడ్ చెబితే నమ్మమన్నాడు చీఫ్.

టెక్నీషియన్ వేషంలో వెళ్లిన పిచ్చుకను ల్యాబ్ గుమ్మంలోనే ఆపేసింది ఆ వంగడాన్ని సృష్టించిన సైంటిస్టు. తల నెరిసింది, చెవులకు కమ్మలైనా లేవు. గింజలోని ఇనుమును కొలిచేచోట బయటి లోహం రవ్వంత రాలినా లెక్క తప్పుతుందట. పిస్టల్, కెమెరా వాచీ, చివరికి బెల్టు కూడా ట్రేలో పెట్టించింది.

“ప్యాంటు జారిపోతుంది మేడమ్.”

“పట్టుకో నాయనా. మా చెల్లి ఒంట్లో రక్తం లేక పురిట్లోనే పోయింది. అప్పట్నుంచీ ఈ గింజే నా లోకం.”

పిచ్చుక ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని పచార్లు మొదలుపెట్టాడు.

మల్లె వచ్చింది. తెల్లకోటులో కూడా సినిమా తారలా ఉంది. ఉంగరాలు తీసి ట్రేలో పెట్టింది.

“పాలిష్ పట్టారా?” గొంతు తగ్గించి అడిగాడు పిచ్చుక.

“తవుడుతోనే ఉంచాం.”

కోడ్ సరిపోయింది. పిచ్చుక మనసు మాత్రం కుదుటపడలేదు.

సైంటిస్టు వ్యాన్ దగ్గరికి వెళ్లగానే మల్లె చివరి చెకప్ అంటూ డబ్బా తెరిచింది. పనితనం చూపించబోయి, జేబులోంచి ఫోర్సెప్స్ తీసి ఒక గింజను వెలుతురుకి పట్టి చూసింది. అటు తిరిగి మూత పెట్టి, కిటికీలోంచి డ్రైవరుకు డబ్బా అందించింది. ఏదో తేడాగా అనిపించింది పిచ్చుకకు. బల్లమీద ఉన్న ఫోర్సెప్స్ చూశాడు. అన్నీ ప్లాస్టిక్‌వే. ఆమె చేతిలోది స్టీలు. ఇనుము కొలిచే మనిషి కలలో కూడా దాంతో గింజను ముట్టుకోదు. అంటే ఈమె బయోకెమిస్టు కాదు, ముఠా మనిషే.

బయట ఇంజన్ స్టార్టయింది. ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. రెండో చేత్తో కిటికీ రెక్క దబదబా బాదాడు. ప్యాంటును దాని ఖర్మకు వదిలేశాడు.

వ్యాన్ గేటు దగ్గర ఆగింది. మల్లె కోటు జేబులో అసలు డబ్బా దొరికింది. సైంటిస్టు దాన్ని గుండెలకు హత్తుకుని ఏడ్చేసింది. తర్వాత మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంది.

సాయంత్రం చీఫ్ మెచ్చుకుని, వచ్చే మిషన్‌కి ఏ గ్యాడ్జెట్ కావాలో అడగమన్నాడు.

“పైజామా సార్. గట్టి బొందుతో.”