ముఠాదారు ఇంటి గుమ్మం

గూడెం కొత్తవీధి దాటి నాలుగు మైళ్ళు పైకెక్కితే, కాఫీ తోటల పక్కన ఒక పాత ఇల్లుంది. ఒకప్పుడు ఆ కొండల మీద పెత్తనం చేసిన ముఠాదారుది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఎవరి కాపురమూ నిలవలేదు. చీకటి పడితే లోపల మనిషి మసిలే చప్పుడు... దీపం మాత్రం ఉండదు. అటు నడిచేవాళ్ళు ఆ మలుపు దగ్గర మాటలాపేస్తారు. ఇల్లు పాడుబడినా సరే, పైనున్న గూడెంలో చెప్పకుండా ఎవరూ గుమ్మం తొక్కకూడదని అక్కడి కట్టుబాటు.

ఇదంతా నాకు వరహాలు చెప్పాడు. నర్సీపట్నంలో అతనికి ఫోటో స్టూడియో ఉంది. తొంభై ఎనిమిది వేసవిలో ఎవరో క్యాలెండరు వేస్తామంటే, ఆ ఇంటి చెక్కుడు తలుపు ఫోటో తీయడానికి వెళ్ళాడు. పెళ్ళిళ్ళలో తలంబ్రాలు తీసి తీసి విసిగిపోయాడు. ఒక్కసారైనా తన పేరు గోడ మీద చూసుకోవాలని ఆశ. మనిషి మంచివాడే, తొందర ఎక్కువ. గూడెంలో అడిగి వెళ్ళమని జీపువాడు చెప్తే, పాడుబడ్డ కొంపకి పర్మిషనేమిటని నవ్వాడట. నవ్వడానికేం, నోరు తనదే కదా.

చేరేసరికి పొద్దు వాలిపోయింది. తలుపు ఓరగా తెరిచి ఉంది. గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, దానికి వేపమండలు వేలాడదీశారు. మనిషే లేని ఇంటికి ఇవెందుకు, ఏ పండక్కో కట్టి వదిలేసుంటారు అనుకున్నాడు. చెక్కుడు పని సరిగ్గా కనబడటం లేదని తాడు తెంపి గడ్డిలోకి విసిరేశాడు.

ఫ్లాష్ వెలిగింది...

ఆ వెలుగులో — తలుపు సందులో ఒక అరచెయ్యి. దాని వెనక రెండు కళ్ళు.

"రావొద్దు..."

గుసగుస, అంతే. వరహాలు కెమెరాని గుండెకి అదుముకుని గూడెం వైపు పరిగెత్తాడు. దారిలో ఎన్నిసార్లు పడ్డాడో అతనికే తెలీదు.

గూడెం పెద్ద బుధు నెగడు దగ్గర కూర్చుని అంతా విన్నాడు. దెయ్యం మాటే ఎత్తలేదు. ఒక్కటే అడిగాడు.

"మండలు నువ్వే తీసీసినావా బాబూ?"

అప్పుడు చెప్పాడు. లోపలున్నది అతని కోడలు, పేరు కనక. బిడ్డకి అమ్మోరు పోస్తే, మూడు రోజుల కిందట ఊరికి దూరంగా ఆ ఇంట్లో దిగింది. కిందటేడు ఈ జబ్బుకే గూడెంలో ఇద్దరు పసివాళ్ళు పోయారు. వేపమండలు కనబడితే పిల్లలు ఆ గుమ్మం తొక్కరు. అవి లేకపోతేనే ప్రమాదం. తెల్లారకుండానే మూడు గూడేల పిల్లలు ఇప్పపువ్వు ఏరడానికి ఆ పెరట్లోకే వస్తారు, తలుపు తెరిచుంటే లోపలికి దూరతారు.

వరహాలుకి దెయ్యం భయం పోయి సిగ్గు పట్టుకుంది. వెంటనే ఆ పిల్లల గురించి భయం వేసింది.

"తెంపినోడే కట్టాల. ఈసారి అడిగి కట్టు," అని బుధు అతని చేతికి లాంతరిచ్చాడు.

మళ్ళీ ఆ మలుపు. ఆకు కదలడం లేదు. గడ్డిలో తడిమి తడిమి మండలు వెతికి పట్టుకున్నాడు. గుమ్మానికి ఇవతలే నిలబడి అడిగాడు.

"అమ్మా... తప్పయిపోయింది. కట్టమంటావా?"

మండలు కనబడేలా ముందుకి చాపాడు. తర్వాత —

"కట్టు."

ముడి గట్టిగా వేశాడు. ఒకటి చాలదని రెండు వేశాడు. తిరిగొస్తుంటే మనసు తేలికపడిందట, పాట కూడా పాడుకున్నాడట.

బుధు వాకిలికి ఇరవై అడుగుల అవతల, చీకట్లో ఒకామె బిడ్డని చీరలో చుట్టుకుని నిలబడి ఉంది. దగ్గరికి రావడం లేదు. తన కోడలు ఆమేనని బుధు చెప్పాడు.

తనకన్నా ముందు ఎలా వచ్చిందో వరహాలుకి అంతుపట్టలేదు. ఇప్పుడే కదమ్మా కట్టమన్నావు అన్నాడు.

కనక బిడ్డ కళ్ళ మీద కొంగు కప్పింది.

"ఆ మెరుపుకి గుంట జడుసుకుంది బాబూ. నువ్వు పరిగెట్టగానే నేనూ గెడ్డ పక్క అడ్డదారంట వచ్చీసినాను. లోన ఎవులూ లేరు."

బుధు లాంతరు అందుకుని వత్తి కొంచెం పెంచాడు.

ఆ వేసవిలో గూడెంలో ఇంకే పిల్లకీ జబ్బు సోకలేదు. వరహాలు ఇప్పుడు ఏ పాత ఇంటి ముందైనా ఆగి, ఫోటో తీసుకోవచ్చా అని కేకేసి అడుగుతాడు. అడిగేసి, జవాబు వినబడేలోపే వెనక్కి వచ్చేస్తాడు.