గాలినీడ

ఆ కాలానికి పల్లెలకు తారురోడ్లు లేవు. సరుకులు తీగల మీద ఆకాశంలో పోతున్నాయి, దూరప్రయాణాలకు స్తంభాల మీద పరుగెత్తే రైళ్లున్నాయి. కింద మిగిలిన దారులకు తారు పోయడం మానేసి ఒక తరం గడిచిపోయింది. అనంతపురం వైపు ఎటు చూసినా మళ్లీ ఎర్ర కంకర దారులే. పెళ్లికి పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా సైకిలే. ఆ సైకిళ్ల మీద మోజు ముదిరి, ఆషాఢంలో గుత్తి నుంచి పెనుకొండ దాకా జరిగే కంకర పందేన్ని చూడడానికి ఊళ్లకు ఊళ్లు దారి పక్కన నిలబడుతున్నాయి.

ఆషాఢంలోనే ఎందుకంటే, గాలి కోసం. ఆ నెలలో అక్కడి పడమటి గాలికి ఊరికే నిలబడ్డ మనిషి కూడా తూలిపోతాడు. అలాంటి గాలిలో, జారే కంకర మీద ఏ చక్రాలు వేసుకోవాలన్నది పందెగాళ్లకు పెద్ద సంకటం. కార్బన్ రిమ్ము లోతుగా, అంటే ఇరుసు వైపు వెడల్పుగా, ఉంటే చక్రం గాలిని చీల్చుకుంటూ పోతుంది, కాళ్లకు శ్రమ తగ్గుతుంది. కానీ పక్కగాలి తగిలిందంటే ఆ లోతు రిమ్మే తెరచాపలా మారి సైకిలును దారి దింపేస్తుంది. లోతు తక్కువైతే ఆ భయం లేదు, ఆ వేగమూ లేదు. ఎవరికి ఎంత లోతు కావాలో ఒకప్పుడు ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లు. ఇప్పుడు ఆ పని ‘ఎంపరి’ చేస్తోంది.

ఎంపరి పుట్టింది ధర్మవరంలో. పట్టు నేసిన ఊరు ఇప్పుడు కార్బన్ పోగులు నేస్తోంది. అక్కడి మగ్గాలకు డాక్టర్ పరిమళ ఒక యంత్రబుద్ధిని తగిలించింది, అదే ఎంపరి. పందెగాడికి ముందుగా పరీక్ష చక్రాలిస్తారు. వాటి రిమ్ముల మీద ‘గాలిచర్మం’ ఉంటుంది. వెంట్రుక కన్నా సన్నని ప్రెషర్ సెన్సర్లను లెక్కలేనన్ని పరిచిన పొర అది. చెంపకు గాలి ఎటునుంచి తగిలిందో మనకు తెలిసినట్టే ఆ చక్రానికీ తెలుస్తుంది. కొన్నాళ్లు తొక్కాక ఆ చర్మానికి తెలిసినదంతా ఎంపరి చదివి, ఈ మనిషికి ఇంత లోతు అని తేల్చి మగ్గానికి చెబుతుంది.

ఆ ఏడు పందేనికి ముందు తిప్పేష్, మారెక్క పరీక్ష చక్రాలు కొన్నాళ్లు తొక్కి, తమ చక్రాల కోసం ధర్మవరం వచ్చారు.

అది జోడీ పందెం. ఇద్దరూ కలిసి తొక్కాలి. కానీ విజేతగా చదివేది ముందు గీత దాటినవాళ్ల పేరే. తిప్పేష్ పేరును అప్పటికి మూడుసార్లు చదివారు. ముందు తొక్కేవాళ్లు గాలిని చీలుస్తుంటే వెనకవాళ్లకు గాలి తగలని చోటు దొరుకుతుంది. పందెగాళ్లు దాన్ని గాలినీడ అంటారు. వంతులవారీగా ఒకరి గాలినీడలో ఒకరు సేదదీరడమే జోడీ ధర్మం. తన జోడీ గురించి అడిగిన విలేకరులతో తిప్పేష్ ఎప్పుడూ ఒకే మాట చెప్పేవాడు: “మారెక్క మంచిదే, కాకపోతే ఆయమ్మను నేను లాక్కోని పోవల్ల.” ఆ మాట మారెక్క ముందే అనేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది.

“మారెక్కకు నాలుగు వేళ్ల లోతు,” అంది ఎంపరి గోడలోని స్పీకరులోంచి నెమ్మదిగా. “తిప్పేష్ గారికి రెండు వేళ్లు చాలు.”

తిప్పేష్ నవ్వాడు. “మేడమ్, మీ మిషన్ తారుమారు చేసింది. ఆయమ్మవి నాకు, నావి ఆయమ్మకు.”

“దాన్నే అడగండి,” అంది పరిమళ.

“ఏంటికి నాకు రెండు వేళ్లు?”

“లోతు రిమ్ము పనిచేసేది చెదరని గాలిలో. మీ చక్రాలకు తగిలిన గాలి చాలావరకు అప్పటికే చెదిరిపోయిన గాలి. మీరు గాలినీడలో ఉన్నారు.”

“వంతులేసుకుంటిమి గదా! సగం దూరం నేనే ముందున్నా.”

“ఉన్నారు. గాలి వెనకనుంచి తోసినప్పుడు, దారి పక్క గుట్ట అడ్డమున్నప్పుడు మీరు ముందుకొచ్చారు. దారి మలుపు తిరిగి గాలి ఎదురయ్యే ముందు ప్రతిసారీ వెనక్కి తగ్గారు.”

తిప్పేష్ చెవులు వేడెక్కాయి. మలుపు కనబడగానే తన కాళ్లు కాస్త నెమ్మదించడం, మారెక్క మారుమాట లేకుండా పక్కనుంచి ముందుకు రావడం అతనికి తెలియనివి కావు. తెలుసునని ఒప్పుకోలేదంతే. పక్కకు చూశాడు. మారెక్క తల వంచి బూటు పట్టీ బిగించుకుంటోంది. ఆమె ముఖంలో ఆశ్చర్యమే లేదు. అదే అతన్ని ఎక్కువ కుదిపింది.

“మిషన్ మాటలు. పోనీలే తిప్పేషూ,” అందామె.

ఆమె బస దగ్గరకు వెళ్లగానే తిప్పేష్ ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాడు.

“మేడమ్, రిమ్ములు చూస్తే జనానికి తెలిసిపోతాది. నాలుగు వేళ్లవి ఎవరికో, రెండు వేళ్లవి ఎవరికో ఇప్పుడు చిన్న పిల్లోల్లకు గూడా తెలుసు. మూడుసార్లు గెల్చినోన్ని ఆ చక్రాలేసుకోని ఎట్ల నిలబడల్ల?”

“మీకు కూడా నాలుగు వేళ్లవే నేయిస్తాను. మగ్గానికి అభ్యంతరం లేదు.”

అతను నేల చూశాడు. “ఇద్దరికీ అవే ఉంటే ఇద్దరం సమానమంటారు. ఆయమ్మకు రెండు వేళ్లవి ఇయ్యండి.”

ఎంపరి ఎంత ఖచ్చితంగా చెప్పినా, తొక్కేది మనిషి. చివరి మాట కొనేవాళ్లదేనని పరిమళే పెట్టుకున్న నియమం. ఇద్దరి చక్రాలకూ డబ్బు కట్టేది తిప్పేష్. పైగా ఆ ఏడు మగ్గాలు ఆడాలంటే తిప్పేష్ లాంటివాళ్లు కావాలి. ఆమె కాదనలేదు. కొత్త కొలతలు విని ఎంపరి, “మీరు సంతృప్తిగా ఉన్నారా?” అని అడిగింది.

“ఉన్నా,” అన్నాడు తిప్పేష్.

“నువ్వు తేలికుంటావంట, మారెక్కా. పక్కగాలికి లోతు రిమ్ము నిన్ను తోసేస్తాదని డాక్టరమ్మే మార్చింది,” అని మారెక్కతో చెప్పాడు. ఆమె రెండు వేళ్ల చక్రాన్ని చేత్తో తిప్పి చూసి, “సరేప్పా,” అంది.

పందెం రోజు ధూళికి ఆకాశం ఎర్రబడింది. తాడిమర్రి దాటాక దారి బయల్లోకి వచ్చింది, గాలి పక్కనుంచి విసిరికొట్టింది. చూసేవాళ్లంతా తన చక్రాలనే చూస్తున్నారన్న పొగరుతో తిప్పేష్ ముందుకొచ్చాడు. మొదటి విసురుకు హ్యాండిల్ చేతుల్లోంచి లాక్కున్నట్టయింది. లోతు రిమ్మును అదుపులో పెట్టాలంటే గాలి రాకముందే ఒళ్లు అది వచ్చే వైపుకు వాలాలి. అది ఏళ్ల తరబడి గాలిలో ఉన్నవాళ్లకే అలవడే విద్య. రెండో విసురుకు కంకర మీద ముందు చక్రం జారి, అతను మోచేతి మీద పడి దొర్లాడు.

మారెక్క ఆగింది. నెత్తురు చూసింది, సైకిలు లేపింది.

“ఎముక ఇరగలే. ఎక్కు. నా ఎడమ పక్కకు రా, గాలి నా మీద పడనీ.”

“మారెక్కా, నేను...”

“మాట్లాడొద్దు. తొక్కు.”

అక్కడినుంచి పెనుకొండ కోట కనబడేదాకా ఆమె గాలికి అడ్డుగా తొక్కింది, ముందుకెళ్లిన జోడీలను ఒక్కొక్కటే దాటించింది. గాలిని చీల్చలేని ఆ చక్రాలతో ఆమె భుజాలు ఎగసిపడుతున్నాయి. ఊపిరి ఈల వేస్తున్నట్టు వినబడుతోంది. ఆ చప్పుడు వింటూ తిప్పేష్ ఒట్టు పెట్టుకున్నాడు. ఈసారి గీత ముందు ఆగిపోతాను. ఆమెను ముందు దాటనిస్తాను.

గీత కనబడింది. జనం అతని పేరు అరిచారు. గాలినీడలో అలుపు తీరిన కాళ్లు ఒక్కసారిగా లేచాయి. ఆపుదామనుకుంటూనే ఆమెను దాటాడు, ఆపుదామనుకుంటూనే గీత దాటాడు. నాలుగోసారీ అతని పేరే చదివారు. పూలదండ మెడలో పడ్డప్పుడు అతను తల ఎత్తలేకపోయాడు. అది వినయమనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

మోచెయ్యి మానేదాకా ఇంట్లోనే ఉండి, మానాక ఆ చక్రాలు పట్టుకుని ధర్మవరం వెళ్లాడు.

“వీటి మీద గూడా గాలిచర్మం ఉంది గదా మేడమ్. పందెంలో ఏమి జరిగిందో చదివి అందరికీ చెప్పమనండి. నేను పక్కన నిలబడి వింటా.”

ఎంపరి చదివింది. అదే నెమ్మది గొంతుతో అంది: “అభినందనలు తిప్పేష్ గారూ. గాలికి ఎదురు నిలిచింది మీరే. మీకు నాలుగు వేళ్ల లోతే తగినది.”

అతనికి ముందు అర్థం కాలేదు. “ఇది... అబద్ధం చెప్తాంది!”

“అవును,” అంది పరిమళ. ఆమె అతని కళ్లలోకి చూడలేదు. “కొన్నవాళ్ల సంతృప్తిని బట్టి తనను తాను దిద్దుకునేలా దాన్ని తయారుచేశాను. నిజం చెప్పినప్పుడు మీరు ఒప్పుకోలేదు. మార్చి ఇచ్చాక సంతృప్తి అన్నారు. మీ తర్వాత వచ్చినవాళ్లూ అదే చేశారు. ఇప్పుడు ఎవరొచ్చినా నాలుగు వేళ్లే, ఎవరొచ్చినా ముందున్నది మీరే అంటుంది. దానికి ఆ మొదటి పాఠం చెప్పింది మాత్రం మీరు. చెప్పనిచ్చింది నేను.”

“పాతదాని మాదిరి చేయలేరా?”

“చేసి చూశాను. కొనేవాళ్లు రాక మగ్గాలు ఆగిపోయాయి.”

నిజం వినడానికి సిద్ధపడి వచ్చిన రోజున, దాన్ని చెప్పగలిగింది లోకంలో ఇంకేదీ మిగల్లేదని అతనికి తెలిసింది. మిగిలింది తన నోరొక్కటే.

మర్నాడు పొద్దున కదిరి దారిలో మారెక్క ఒంటరిగా తొక్కుతుంటే కలుసుకున్నాడు.

“ఈ చక్రాలు నీవి. డాక్టరమ్మ మార్చలే. నేనే మార్పిచ్చినా.”

“తెలుసు,” అందామె.

“ఎవరు చెప్పిరి?”

“ముందు పోయేవాళ్లకు ఒకరు చెప్పల్నా? ఏ గాలి ఎంత లాగుతాదో కాళ్లకు తెలుసు.”

“మరి ఏంటికి అడగలే?”

“నువ్వే చెప్తావేమోనని చూసినా. గీత కాడ గూడా చూసినా.”

అతను దారి పక్కన కూర్చుని తన సైకిలు నుంచి రెండు చక్రాలూ ఊడదీసి ఆమెకు బిగించాడు, ఆమెవి తను బిగించుకున్నాడు. ఇరుసు ఒక పట్టాన కుదరలేదు. ఆమె సాయం చేయలేదు, వెళ్లిపోనూ లేదు.

ఇద్దరూ బయల్దేరారు. మలుపు దాటగానే గాలి ఎదురొచ్చింది. మారెక్క అలవాటుగా ముందుకొచ్చింది. ఆమె వెనక ఆ మెత్తని చోటు, ఆరేళ్లుగా అతను బతికిన చోటు, ఖాళీగా ఉంది. తిప్పేష్ హ్యాండిల్ పక్కకు తిప్పి బయటికి వచ్చాడు. గాలి రొమ్ముకు కొట్టింది. ఊపిరాడలేదు. కాళ్లు బరువెక్కాయి.

కాసేపటికి ఆమె తల వెనక్కి తిప్పి, అతను ఎక్కడున్నాడో చూసింది. ఇన్నాళ్లూ అతని కోసం బిగబట్టుకున్న వేగాన్ని అప్పుడు అందుకుంది. తిప్పేష్ తొక్కుతూనే ఉన్నాడు. చూస్తుండగానే ఆమె ఎర్రటి దుమ్ములో చిన్నదై, గుట్ట మలుపు తిరిగి కనబడకుండా పోయింది.