ఆరని పడుగు

"ఏయ్, ఆగు! సైకిల్ దిగు!"

కొండల్ బ్రేకు నొక్కేసరికి ముందు చక్రం దారపు పోగులకు జానెడు దూరంలో నిలిచింది. సిరిసిల్లలోని ఆ సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా మగ్గానికెక్కాల్సిన తెల్లటి పడుగు బిగించి ఉంది. గంజి కుంచె పట్టుకుని ఒక అమ్మాయి అతన్ని కళ్లతోనే వెనక్కి తోసేస్తోంది.

"జర పక్కకు జరుపరాదు? కరీంనగర్ కెళ్లి వచ్చిన. మెకానిక్‌ను. నాకు జల్ది పనున్నది."

"కలెక్టర్ జీపైనా గీడ ఆగాల్సిందే. గంజి ఆరేదాంక పడుగు దాటరాదు. గిది మా బాపు మాట."

"ఎంతసేపట్ల ఆరతది?"

"సూర్యుణ్ణి అడుగు."

గంజి తడి మీద పడుగు కదిపితే వారం రోజుల చాకిరీ మట్టిపాలవుతుందని కొండల్‌కు తెలియక కాదు. అతనూ గంభీరావుపేట సాలె ఇంటి పిల్లవాడే. నాలుగేళ్ల కింద మగ్గం వదిలి కరీంనగర్‌లో మెకానిక్ షెడ్డులో చేరాడు, అంతే. ఆ సంగతి ఇప్పుడు చెబితే గొడవ అయిపోతుంది. గొడవ అయిపోతే ఆ అమ్మాయి అటు తిరిగి కుంచె పట్టుకుంటుంది. అందుకని తెలియనివాడిలా ఇనుప సామాను గోనెసంచి మీద కూర్చుని ఆమెను చూస్తూ గడిపాడు. ఆ రోజు ఎండ మరీ తొందరపడిందని అతనికి అనిపించింది.

తీరా చూస్తే అతను వెతుక్కుంటూ వచ్చిన ఇల్లు ఆమెదే. తండ్రి అంజన్న మూడు మగ్గాల్లో ఒకటి అమ్మి పాత నల్ల కారు కొన్నాడు. వేములవాడకు యాత్రికులను తిప్పుతాడు. పోయిన వారం తొమ్మిదిమందిని కుక్కి తీసుకెళ్తుంటే గుంతలో పడి ఎడమ వైపు ముందు స్ప్రింగు విరిగింది. అప్పటి నుంచి కారు ఇంటి ముందర కుంటి ఎద్దులా ఒరిగి ఉంది.

"రెండు దిక్కుల స్ప్రింగులు, షాకబ్జర్లు తెచ్చినవా?" అడిగాడు అంజన్న.

"జోడు తెచ్చిన కాకా."

"సుక్కురారం పొద్దుగాల్ల నేను మెట్‌పల్లి పోవాలె. బండి అందుతదా?"

ఆ రోజు మంగళవారం. అరుగు మీద ఆ అమ్మాయి కండెలు చుడుతూ వింటోంది. ఆమె పేరు బాలలక్ష్మి అని నాయనమ్మ లింగవ్వ పిలిచినప్పుడే కొండల్ చెవిన వేసుకున్నాడు. ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

"సుక్కురారం దాకెందుకు కాకా? రేపు మాపటికే నడిపిస్త!"

బాలలక్ష్మి మొహం మాడిపోయింది. నమ్మలేదు కాబోలు అనుకున్నాడు మనవాడు. చేసి చూపిస్తే సరి!

ఇంటి ముందరే పని మొదలైంది. చక్రం ఊడదీసి, కింది ఇనుప చెయ్యికి జాకీ ఆనించి, స్ప్రింగుకు గొలుసు చుట్టి, ఊపిరి బిగబట్టి ఇంచీ ఇంచీ దించాడు.

"గొలుసు తెగితే ఏమైతది?" అడిగింది బాలలక్ష్మి, రాట్నం ఆపకుండానే.

"స్ప్రింగు పోయి మీ పక్కింటి పెంకులు లేపుతది."

"పెంకులు సరే. నీ తలకాయ?"

"నా తలకాయ ఫికర్ నీకెందుకు?"

"మా ఇంటి ముంగట పడుతది గద. ఊడ్సుడు నేనే." ఆమె కండె మార్చింది. "అవ్ గనీ, మా బాపును కాకా అంటున్నవ్. గట్లయితే నేను నీకేమైతనో ఎరికేనా?"

కొండల్ చేతిలోంచి పాన జారి కాలి మీద పడింది. చెల్లెలి వరస! అంత దూరం ఆలోచించనే లేదు. నోరు జారింది, ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలా?

బుధవారం చిన్న వాన పడింది. కారు కింద కొండల్ మోకాళ్ల దాకా తడుస్తుంటే బాలలక్ష్మి గోనెపట్టా పట్టుకుని పరుగున వచ్చింది. తెచ్చి అతని పనిముట్ల పెట్టె మీద కప్పింది.

"మరి నేను?"

"పానలకు తుప్పు పడుతది. నీకు పడదు గద!"

ఆ మాటకు అతనికి రెట్టింపు హుషారు వచ్చింది. సాయంత్రానికి ఎడమ వైపు కొత్త స్ప్రింగు, కొత్త షాకబ్జరు ఎక్కించేశాడు. కుడి వైపు తట్టి చూశాడు. గట్టిగానే ఉంది. అదీ విప్పితే ఇంకో రోజు పడుతుంది. ఆడిన మాట తప్పితే ఆ పిల్ల ముందర పరువేం కాను? కొత్త జోడులో రెండోది సంచిలోనే ఉంచి చక్రాలు బిగించేశాడు.

"కాకా! బండి తయార్!"

అంజన్న మెచ్చుకున్నాడు. బాలలక్ష్మి గంప ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. అన్నం కూడా లింగవ్వే వడ్డించింది.

గురువారం పొద్దున కొండల్ పళ్లు తోముకుంటూ వచ్చేసరికి బాలలక్ష్మి కారు ముందర వంగి ఉంది. ఎడమ మడ్‌గార్డు నుంచి నేల దాకా నూలు పోగు పట్టి ముడి వేసింది. అదే పోగు కుడి వైపు పెట్టింది.

"రెండు వేళ్ల తేడా. కుడి దిక్కు ఒరిగింది."

కొండల్ నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది.

"పడుగు ఒక దిక్కు బిగువు, ఒక దిక్కు వదులైతే బట్ట వంకర వస్తది. మరి బండి?"

"మలుపు కాడ ఒరుగుతది. పక్కకు గుంజుతది." దాచి లాభం లేదు. "జోడు మార్చాలె. జల్ది జల్ది అని తప్పు చేసిన."

"గట్లనే ఉండనియ్యి." ఆమె నూలు పోగు అక్కడే పడేసింది. "గీ బండి మెట్‌పల్లి పోకుంటే ఎవరికేం నష్టం?"

గిరుక్కున తిరిగి లోపలికి పోయింది. అరుగు మీద ఆకు నూరుకుంటున్న లింగవ్వ అతన్ని జాలిగా చూసింది.

"పిచ్చోడా! మెట్‌పల్లిల బట్టల దుకాణమోళ్లున్నరు. మా అంజన్న గీ బండెక్కి పోయేది పోరి పెండ్లి మాట ఇయ్యనీకే. నువ్వు జల్ది చేసినకొద్ది అది లోపల ఏడుస్తున్నది."

కొండల్ కారు పక్కన కూలబడ్డాడు. రెండు రోజులుగా చెమటోడ్చి ఎవరి దారి సాఫు చేస్తున్నాడో ఇప్పుడు తెలిసింది. ఆ పిల్ల లేకుండా కరీంనగర్ తిరిగి వెళ్లడం తన వల్ల కాదు.

ఒక్క నట్టు పోగొడితే చాలు. శుక్రవారం దాటిపోతుంది. ఆ ఆలోచన వచ్చిన మాట నిజం. కానీ పని చెడగొట్టి దక్కించుకున్న పిల్ల ముందు రోజూ ఏ మొహంతో తిరగడం? లేచి నేరుగా పెరట్లో ఆమె నీళ్లు తోడుతున్న బావి దగ్గరికి వెళ్లాడు.

"బాలలక్ష్మీ, మెట్‌పల్లి నీకు ఇష్టమేనా?"

"ఇష్టమైతే నీ బండిని నూలుతోని కొలుస్తనా?"

"అయితే విను. బండి సక్కగ చేస్త. నిన్ను నాకియ్యమని మీ బాపును అడుగుత. రెండూ చేస్త."

"బాపు వద్దంటే?"

"నేనే బండి నడిపి మీ బాపును మెట్‌పల్లి తీస్కపోత. తొవ్వంతా అడుగుతనే ఉంట."

ఆమె నవ్వింది. మూడు రోజుల్లో అదే మొదటిసారి. కొండల్‌కు ఇక తిరుగు లేదు.

అంజన్న మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు.

"కాకా, నా పని తప్పైంది. ఒక్క దిక్కే మార్చిన. మళ్ల విప్పి రేపు పొద్దుగాల్లకు సక్కగ చేస్త. ఇంకో మాట. నేనూ గంభీరావుపేట సాలోళ్ల పిల్లగాన్నే, మగ్గం ఇడిసి షెడ్డుల చేరిన. మీ పిల్లను నాకియ్యి."

పోగుల నడుమ అటూ ఇటూ పోతున్న నాడె ఆగింది. "మగ్గం ఇడిసిపెట్టి పోయినోనికా?"

"నువ్వు మగ్గం అమ్మి కారు కొన్నవు గద కాకా."

బయట లింగవ్వ నవ్వు వినబడింది. అంజన్న మాత్రం నవ్వలేదు. "ముందుగాల బండి కానీ. రేపు పోవుడు పోవుడే."

కొండల్ మళ్లీ జాకీ ఎత్తాడు. ఈసారి తొందరపడలేదు. కుడి వైపు పాతది దించి కొత్తది ఎక్కించాడు. శుక్రవారం తెల్లారాక చక్రాలు నేలకు దించి, బండి బరువు పూర్తిగా దిగనిచ్చి, అప్పుడు చివరి బోల్టులు బిగించాడు. బాలలక్ష్మి వదిలివెళ్లిన నూలు పోగు తెచ్చి రెండు వైపులా కొలిచాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

అంజన్న తెల్ల ధోతి కట్టుకుని, ఆకూవక్కల సంచి పట్టుకుని వచ్చి పోగుతో తానూ కొలిచాడు. తల పంకించి కారెక్కాడు. కొండల్ స్టీరింగు పట్టుకున్నాడు. మాటంటే మాటే.

మలుపు తిరిగీ తిరగగానే బ్రేకు వేయాల్సి వచ్చింది.

సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు బిగించి ఉంది. గంజి ఇంకా చుక్కలు చుక్కలుగా కారుతోంది. మధ్యలో కుంచె పట్టుకుని బాలలక్ష్మి, అవతల కొసన నడుము పట్టుకుని లింగవ్వ.

"ఎవరిదిది?" అంజన్న దిగాడు.

"నాదే బాపు."

"తియ్యి."

"గంజి పెట్టిన. ఆరేదాంక కలెక్టర్ జీపైనా ఆగాలె. నువ్వే చెప్పినవ్."

తడి పడుగు తీయమని ఏ సాలె అయినా ఎలా అంటాడు? పోగుల మీద చెయ్యి ఆనించి ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నడిచాడు. బిగువు ఎక్కడా తగ్గలేదు.

"బిడ్డ మనసు తెలుసుకోనీకి ఇంకెన్ని పడుగులు వెయ్యాల్రా?" అంది లింగవ్వ. "నా నడుము ఇరిగింది."

అంజన్న కూతురి కళ్లలోకి చూశాడు. ఆమె తల దించలేదు. తర్వాత కారు వైపు చూశాడు. తన తప్పు తానే ఒప్పుకుని మొదటి నుంచి విప్పుకున్నవాడు అక్కడ నిలబడి ఉన్నాడు. తప్పు పోగు పడితే దాచేసి నేసేవాళ్లను అంజన్న చాలామందిని చూశాడు. విప్పేవాళ్లు తక్కువ.

తల్లి లింగవ్వ దగ్గరున్న రెండో కుంచె తీసుకుని కొండల్ చేతికిచ్చాడు.

"యాదికున్నదా, మరిచినవా?"

కొండల్ చొక్కా చేతులు మడిచాడు. కుంచె ఒక్క ఊపున ఈ కొస నుంచి నడిమి దాకా పోయింది. ఒక్క పోగు తెగలేదు.

"మెట్‌పల్లోళ్లకు ఇంకా మాట ఇయ్యలే. కుదరదని కార్డు రాస్త," అన్నాడు అంజన్న. "పడుగు ఆరినంక గంభీరావుపేట పోదాం. మీ అవ్వ ఇంటికాడనే ఉంటదా?"

"ఉంటది కాకా!"

"ఇంకా కాకా ఏందిరా?"

"ఉంటది మామా!" ఆ కేకకు సందులో తలుపులన్నీ తెరుచుకున్నాయి.

కొండల్ కుంచె నడుపుకుంటూ బాలలక్ష్మికి ఎదురుగా వచ్చి ఆగాడు. "ఎంతసేపట్ల ఆరతది?"

ఆమె ఆకాశం వైపు చూసింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"సూర్యుణ్ణి పొద్దటి నుంచి నేనే అడుగుతున్న," అంది. "జర జల్ది రమ్మని."