నకలుకు తాళం

ఉదయం తొమ్మిదీ పదికి పళ్ళ డాక్టరును ఆయన క్లినిక్‌లోనే కాల్చేశారు. బయటి గదిలో ముగ్గురు పేషెంట్లున్నారు. చప్పుడేమీ వినిపించలేదని ముగ్గురూ చెప్పారు.

డాక్టరు పళ్ళతో పాటు కబుర్లు కూడా పీకి గూఢచారి శాఖకు చేరవేసేవాడు. విదేశీ ముఠా మనుషులిద్దరు ఆయన పేషెంట్లు. చనిపోయే ముందు అపాయింట్‌మెంట్ పుస్తకంలో పెన్సిల్‌తో ఒక లైను రాశాడు: "గురువారం, పన్నెండున్నర. అసలు కాదు, నకలు."

ఆ రోజు గురువారమే.

పదింటికి శాఖ ఏజెంట్‌కి ఫోన్ వచ్చింది. శాఖలో అతన్ని నత్త అంటారు. పదకొండు నెలలుగా రికార్డుల ఆఫీసు మూడో అంతస్తులో బ్యాకప్ ఆపరేటర్ వేషంలో ఉన్నాడు. పవర్ లేని కళ్ళద్దాలు, చొక్కా కింద దూదితో కట్టిన పొట్ట. నాలుగో నెల నుంచి దూది అవసరం లేకపోయింది. శాఖ ఇచ్చిన కెమెరా లైటర్‌తో ఇంతవరకు ఫోటో తీయలేదు. సిగరెట్ తాగేవాళ్ళు అడిగి తీసుకెళ్ళి, పని కాగానే తిరిగి ఇచ్చేవాళ్ళు.

"గొడుగు దొరికిందా?" అన్నాడు చీఫ్. అది కోడ్.

"కర్ర విరిగింది సార్."

"డాక్టరు పోయాడు." చీఫ్ ఆ లైను చదివి వినిపించాడు. "ఏమర్థమైంది?"

"లిస్టు కోసం వస్తున్నారు సార్."

విదేశాల్లో మారుపేర్లతో పనిచేస్తున్న ముప్ఫై ఎనిమిది మంది అసలు పేర్లు ఆ లిస్టులో ఉన్నాయి. పందొమ్మిదో పేరు నత్త వాళ్ళ అక్కది. ఆమె అక్కడొక బడిలో లెక్కలు చెబుతుంది. గురువారం ఒంటిగంటకు ఫోన్ చేస్తుంది. వారం వారం ఆ ఫోన్ మోగితేనే నత్తకు అన్నం సహించేది.

లిస్టు ఉన్న గదికి ఇనుప తలుపు, గార్డు, రెండు వేలిముద్రలు. కానీ రోజూ ఉదయం లిస్టుకు కాపీ తీసి బ్యాకప్ సర్వర్‌లో పెడతారు. ఆ కాపీని ఎవరు తెరవవచ్చో తేల్చేది సాఫ్ట్‌వేర్‌లోని పర్మిషన్ల పేజీ ఒక్కటే. దాన్ని ఏళ్ళ తరబడి ఎవరూ పట్టించుకోలేదు.

"కన్సల్టెంట్ సర్దుతోందిగా దాన్ని?" అన్నాడు చీఫ్.

"రెండు నెలలుగా సర్దుతోంది సార్."

కన్సల్టెంట్ చీఫ్ పంపిన మనిషి. ముఠాలో చేరినట్టు నటిస్తూ చీఫ్‌కి వార్తలు మోస్తుంది. ఆకుపచ్చ కోటు, తోలు గ్లోవ్స్. ఆమె దిగిన పది నిమిషాల దాకా లిఫ్ట్‌లో సెంటు వాసన ఉండేది. ఆ పది నిమిషాలూ గుమాస్తాలెవరూ మెట్లు ఎక్కేవాళ్ళు కాదు. బ్యాకప్ తీసేవాళ్ళు వేరు, ఆ కాపీని వెనక్కి దించుకుని రీస్టోర్ చేసేవాళ్ళు వేరు, ఊరికే చూసేవాళ్ళు వేరు అని ఆమె రోల్స్ విడగొట్టింది. ఒక నియమం కూడా పెట్టింది: ఎవరికైనా కొత్తగా హక్కు ఇవ్వాలంటే తనూ, నత్తా ఇద్దరూ ఆమోదించాలి. తీసెయ్యడానికి ఒక్కరు చాలు.

పన్నెండున్నరకు స్క్రీన్ మీద కొత్త జాబ్ కనిపించింది. రీస్టోర్. ఫైలు: లిస్టు. గమ్యం: ఆఫీసుకు చెందని ల్యాప్‌టాప్. యూజర్: కన్సల్టెంట్.

ఎదురుగా ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. కోటు లేదు.

చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఆవిడ మన మనిషయ్యా!"

"వాళ్ళ మనిషి కూడా సార్."

"గేట్లు మూయిస్తున్నా. అంతస్తులన్నీ వెతికిస్తా."

గేట్లు మూస్తే సరిపోదు. ఫైలు వంద శాతం చేరితే ముఠాకు పంపడానికి ఒక నిమిషం చాలు. చేరకపోతే అది తెరుచుకోదు. నత్త జాబ్ ఆపాడు. ఆరు సెకన్లలో మళ్ళీ మొదలైంది, ఆగినచోటు నుంచే. కేబుల్ పీకుదామంటే సర్వర్ నగరం అవతలి కొనలో ఉంది.

ఫైలులో ప్రతి ముక్కకూ ముందు సాఫ్ట్‌వేర్ పర్మిషన్ చూస్తుంది. రీస్టోర్ రోల్‌లోంచి ఆమె పేరు తీసేశాడు. జాబ్ ఆగలేదు. నలభై ఆరు శాతం.

రిటైరైన సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాడు. పర్మిషన్లు మొదట పెట్టింది ఆయనే.

"ఎవరు బాబూ?"

"మీ సీట్లో కూర్చున్నవాణ్ణండీ. పేరు తీసేసినా ఒకరికి రీస్టోర్ హక్కు పోవట్లేదు."

"ఏ అంతస్తు మనిషి?"

"మూడు."

"అయితే పోదు. మూడో అంతస్తు గ్రూప్ మొత్తాన్ని అన్ని హక్కులూ ఉండే అడ్మిన్లలో పెట్టాను."

"అందర్నీనా?"

"సెలవు రోజున కూడా ఫోన్లేనయ్యా. నాకిది తెరుచుకోవట్లేదు, నాకది రావట్లేదు. విసుగొచ్చి ఒకరోజు అందర్నీ అందులో పడేశా. మర్నాటి నుంచి ఫోన్ మోగితే ఒట్టు."

నత్తకు కోపం రాలేదు. తనైనా అదే చేసేవాడు. రెండు నెలలు ఆ పేజీ సర్దిన కన్సల్టెంట్ ఆ ఒక్క లైను మాత్రం ముట్టుకోలేదు.

తొంభై ఒకటి. గ్రూప్‌ను ఎంచుకుని 'తొలగించు' నొక్కాడు. హెచ్చరిక వచ్చింది: ఈ గ్రూప్‌లో మీరూ ఉన్నారు. తొలగిస్తే మీ హక్కులూ పోతాయి. వేరే అడ్మిన్ లేరు. కొనసాగించాలా?

ముందు తన పేరు విడిగా చేర్చుకోవచ్చు. దానికి కన్సల్టెంట్ ఆమోదం కావాలి.

తొంభై ఏడు.

'అవును' నొక్కాడు.

తొంభై తొమ్మిది దగ్గర అంకె ఆగింది. పక్కన రెండు మాటలు వచ్చాయి: పర్మిషన్ లేదు. మరుక్షణం అతని స్క్రీన్ కూడా అదే మాట చెప్పి మూసుకుంది.

ఆమె నాలుగో అంతస్తు స్టోర్‌రూమ్‌లో దొరికింది. గార్డులు మూడో అంతస్తు మీదుగా దించుతుంటే నత్త గుమ్మంలో ఉన్నాడు.

"రెండు నెలలు మీ ఎదురుగా కూర్చున్నాను," అంది. "మీరింత త్వరగా కదలడం ఎప్పుడూ చూడలేదు."

"నాకూ కొత్తే మేడమ్."

"తీసెయ్యడానికి ఒక్కరు చాలని పెట్టింది నేనే కదూ?"

"మంచి నియమమండీ."

ఒంటిగంటకు ఫోన్ మోగింది.

"ఏరా, తిన్నావా?"

"లేదక్కా. పని తెమల్లేదు."

"పొద్దుట్నుంచీ ఏం వెలగబెట్టావురా?"

"ఒక తలుపు వేశాను."

"దానికింత సేపా?"

"వేసి నేనూ బయటే ఉండిపోయాను."

అక్క నవ్వింది. "చిన్నప్పుడూ అంతేగా. వెళ్ళి తిను." పెట్టేసింది.

మధ్యాహ్నం చీఫ్ వచ్చాడు. "లిస్టు?"

"భద్రంగా ఉంది సార్. మనం కూడా తెరవలేం."

"మరి రేపటి బ్యాకప్?"

ఇన్‌స్టాల్ చేసిన నాటి పాస్‌వర్డ్ ఒక్కటే మిగిలింది. అది తెలిసినవాడూ ఒక్కడే. నత్త మళ్ళీ సూపర్‌వైజర్ నంబరు నొక్కాడు.

"చూశావా?" అన్నాడాయన. "అందుకేనయ్యా అందర్నీ అందులో పెట్టింది."