గద్ద తోకలో ఎడమ ఈక

సోమవారం ఉదయం 6.42.

దర్జీ ఫోన్‌కి పెద్దకూతురి నుంచి మెసేజ్ వచ్చింది. "రిజర్వాయర్ దగ్గరున్నా నాన్నా. ఆలస్యమవుతుంది." కింద ఒక ఫోటో. నీళ్ళు, గట్టు మీద స్తంభం, స్తంభం మీద వీపు చూపిస్తూ గద్ద.

ఆమె తిరిగి రాలేదు.

స్కూల్లో డ్రాయింగ్ టీచర్. పక్షుల పిచ్చి. ఆమె ఫోన్ చివరిసారి పలికింది కూడా రిజర్వాయర్ దగ్గరి సెల్ టవర్ కిందే. మూడు రోజులు గజ ఈతగాళ్ళు నీళ్ళు గాలించారు. చెప్పు కూడా దొరకలేదు.

గురువారం మధ్యాహ్నం 3.10. ఇన్‌స్పెక్టర్ టీచర్ గదిలోకి వెళ్ళింది. దర్జీ మెడలో టేపుతో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఎవరితోనైనా గొడవలున్నాయా బాబాయ్?"

"దానికి గొడవలా? పిచ్చుకను కూడా కసరదమ్మా."

"ఆదివారం ఎక్కడికెళ్ళింది?"

"సాయంత్రం రిజర్వాయర్‌కి. వస్తూ చెల్లెలింటికి. వచ్చాక అన్నం ముట్టలేదు. ఎందుకే అంటే నోరు విప్పలేదు."

టేబుల్ మీద స్కెచ్ బుక్. అన్నీ రోజూ కనిపించే పక్షులే. పిగిలిపిట్ట, తోక కింద ఎర్ర మచ్చ. గోరింక, తోక చివర తెల్లంచు. పావురం, తోకకు నల్లపట్టీ.

చివరి పేజీలో ఆదివారం తేదీ. సాయంత్రం 5.50.

"స్తంభం గద్ద. కుడి రెక్కలో అదే తెల్ల ఈక. తోకలో ఎడమ చివరి ఈక ఇవాళ నా కళ్ళముందే రాలింది. పాపం, ఇప్పుడు ఒంటికొమ్ము తోక."

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌లో ఆ ఫోటో తెరిచింది. నలభైసార్లు చూసిన ఫోటో. పెద్దది చేసింది.

కుడి రెక్కలో తెల్ల ఈక ఉంది. తోక చేపతోకలా రెండువైపులా చీలి, నిండుగా ఉంది.

జూ డాక్టర్‌కి ఫోన్ చేసింది.

"ఊడిన ఈక రాత్రికి రాత్రే మొలుస్తుందా?"

"వారాలు పడుతుందండీ."

4.30కి ముందుగదిలో అందరినీ కూర్చోబెట్టింది. దర్జీ, చిన్నకూతురు, లిఫ్ట్ మెకానిక్‌గా పనిచేసే అల్లుడు.

"ఈ ఫోటో సోమవారంది కాదు. ఈక రాలకముందుది. అక్కడే ఉన్న మనిషి పాత ఫోటో ఎందుకు పంపుతుంది? ఎవరో ఆమె ఫోన్‌లోంచి ఏరి పంపారు. లాక్ ఎవరెవరికి తెలుసు?"

"నాకు తెలుసు," అంది చిన్నకూతురు.

"ఇంకా?"

ఆమె చెంగు మణికట్టు మీదికి లాక్కుంది. కమిలిన చోటు అప్పటికే ఇన్‌స్పెక్టర్ కంట్లో పడింది.

"ఈయనకి."

అల్లుడు లేచాడు. "ఏంటి మేడమ్, గద్ద ఈక చూసి కేసు కడతారా?"

"కూర్చో. సోమవారం 6.42కి ఎక్కడున్నావ్?"

"డ్యూటీలో."

"ఏ బిల్డింగ్?"

అల్లుడు తలుపు వైపు చూశాడు.

చిన్నకూతురు ఏడుపు ఆపుకోలేకపోయింది. "సోమవారం తెల్లారి ఐదున్నరకి అక్క వచ్చింది మేడమ్. ఈయన కొడుతున్నాడని నన్ను తీసుకెళ్ళిపోతానంది. మెట్ల మీద అరుపులు. ఈయన బయట గొళ్ళెం పెట్టాడు. అక్క వెళ్ళిపోయిందన్నాడు. నాన్నకొచ్చిన మెసేజ్ చూసి నమ్మాను."

మెకానిక్ మళ్ళీ కూలబడ్డాడు.

"తోశాను. లేవలేదు. చచ్చిపోయిందనుకున్నా. ఫోన్ రిజర్వాయర్‌కి తీసుకెళ్ళి, మెసేజ్ పెట్టి, నీళ్ళలో పారేశా."

"ఆమెను ఎక్కడ పెట్టావ్?"

"పని ఆగిపోయిన బిల్డింగ్. పైన లిఫ్ట్ మెషిన్ రూమ్. తాళం నా దగ్గరే ఉంటుంది."

5.55కి తాళం తీశారు. ఆమె తలుపుకి ఆనుకుని ఉంది. లోపలివైపు తలుపంతా గీతలు.

తల మీది దెబ్బ ప్రాణం తీసేది కాదన్నాడు పోస్ట్‌మార్టం డాక్టర్. నీళ్ళందక చనిపోయింది. బుధవారం మధ్యాహ్నం.

మంగళవారమంతా ఇన్‌స్పెక్టర్ ఆ ఫోటోలో మనిషి నీడ కోసం వెతికింది. పిట్టను చూడలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

శనివారం దర్జీ స్టేషన్‌కి వచ్చాడు. బల్ల మీద కూర్చున్నాడు.

"ఒక్క మాట అడగనా అమ్మా? అది ఎప్పుడు పోయింది?"

ఇన్‌స్పెక్టర్ ఫైల్ వైపు చూసింది.

"సోమవారమే బాబాయ్. పడగానే. ఏమీ తెలిసుండదు."

ఆయన తలూపాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన పోస్ట్‌మార్టం రిపోర్టు తీసి, చేత్తో సాపుచేసి, ఆమె ముందు పెట్టాడు.

"నాకు ఇంగ్లీషు రాదమ్మా. తేదీలు చదవడం వచ్చు."