నాలుగో కొవ్వొత్తి వంతు

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం, చర్చిలో ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. 1998 నాటి మచిలీపట్నంలో అది వార్త కాదు. వార్త అనదగినది ఆ తరువాత జరిగింది.

వేదిక ముందు పచ్చని కొమ్మల వలయంలో నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టి ఉన్నాయి. వాటిలో ఒకటి మాత్రమే వెలుగుతోంది. బయట మబ్బు, లోపల పాటల పుస్తకంలో అక్షరం కనబడని చీకటి. ముందు వరుసలోని కొత్త యువకుడొకడు, పరోపకార బుద్ధి తప్ప మరే దురుద్దేశమూ లేకుండా లేచి వెళ్లి, పక్కనున్న అగ్గిపెట్టె తీసి, మిగిలిన మూడు కొవ్వొత్తులనూ శ్రద్ధగా వెలిగించాడు. ఆపైన సభవైపు తిరిగి, అందరి కృతజ్ఞతనూ స్వీకరించడానికి సిద్ధపడినట్లుగా చిరునవ్వు నవ్వాడు.

గాయక బృందంలోనుంచి నీలపు అంచు తెల్లచీర కట్టిన అమ్మాయి ఒకతె దిగివచ్చి, అతని వైపు చూడనైనా చూడకుండా, ఆ మూడింటినీ వరుసగా ఊది ఆర్పివేసింది. పొగ సరాసరి అతని ముక్కులోకి వెళ్లింది. అతడు తుమ్మాడు. వెనుక వరుసల్లో నవ్వులు వినబడ్డాయి.

ఆరాధన ముగిసిన తరువాత అతడు వరండాలో ఆమెకు ఎదురుపడ్డాడు.

"వెలుగు కోసం వెలిగిస్తే ఆర్పేశారేంటండీ?"

"తొందరపడ్డారు కాబట్టి. వారానికొకటే వెలిగించాలి. నాలుగోది నాలుగో ఆదివారానికి. మీ ఊళ్లో ఎవరూ చెప్పలేదా?"

"మాది నాగాయలంక అవతలండీ. మేం డిసెంబరు ఒకటో తారీఖునే సెమీ క్రిస్మస్ మొదలెట్టేస్తాం. కేకులు, పాటలు, స్టార్లు, అన్నీ."

"పండగలో సగమేంటండీ బాబూ! రేపు సెమీ పెళ్లి కూడా చేసుకుంటారా?"

"అమ్మాయి ఒప్పుకుంటే మాకేం అబ్జెక్షన్ లేదండీ."

ఆమె కోపగించుకోవాలనే నిశ్చయించుకొన్నది. అయితే పెదవులు మాట వినలేదు. అందువల్ల గొడుగు విప్పి, దాని చాటున మెట్లు దిగి వెళ్లిపోయింది.

అతని పేరు బెంజమిన్. టెలిఫోన్ ఆఫీసులో జూనియర్ ఇంజనీరుగా బందరుకు బదిలీ అయి నెల కావస్తోంది. ఆమె ఝాన్సీ, బాలికల పాఠశాలలో లెక్కల టీచరు, రిటైరైన హెడ్మాస్టరు అబ్రహాముగారి ఏకైక కుమార్తె. ఆగమన కాలమంటే నిరీక్షణ కాలమనీ, నిరీక్షణకొక క్రమశిక్షణ ఉన్నదనీ అబ్రహాము మాస్టారి దృఢవిశ్వాసం. ఆయన ఇంట్లో ఈ నాలుగు వారాలూ క్రిస్మస్ పాట వినబడకూడదు. పెళ్లి మాట ఎత్తకూడదు. చివరికి ఆయన భార్య సంతోషమ్మగారు వండిన అరిసెలైనా పండుగ ముందురోజు వరకు డబ్బా మూత దాటి రాకూడదు.

రెండో ఆదివారం వాన పడింది. బెంజమిన్ గొడుగు మరచిపోయాడు. ఆ మరపు ఎంత సహజమైనదో చెప్పడం కష్టం గాని, ఝాన్సీ తన గొడుగులో సగం ఇవ్వక తప్పలేదు. ఆ సగంలో అతని కుడి భుజం మాత్రమే పట్టింది.

"ఇవాళ ఏమీ వెలిగించలేదే?" అన్నది ఆమె.

"భయమేసిందండీ. మీ ఊపిరికి బలం ఎక్కువ."

నాలుగడుగులు నడిచారు.

"ఝాన్సీగారూ, మీ నాన్నగారితో మాట్లాడదామనుకుంటున్నానండీ. మన విషయం."

"మన విషయమా? అదెప్పటినుంచి?"

"పొగ ముక్కులోకి పోయినప్పటినుంచి."

ఆమె నవ్వింది. వెంటనే ఆ నవ్వు తగ్గింది. "ఇప్పుడు మాట్లాడితే నాన్నగారు గుమ్మంలోంచే పంపించేస్తారు. క్రిస్మస్ దాకా పెళ్లి మాట వినరు. ఇరవయ్యారో తారీఖున మాత్రం గుడివాడ నుంచి పెళ్లిచూపులకు వస్తున్నారు. అది ముందే ఖాయం చేశారు."

"అంటే ముందు మాట్లాడితే తప్పు, తర్వాత మాట్లాడితే లేటు. మరి మీరేమంటారు?"

"నన్నింకా ఎవరూ అడగలేదు."

"నేనడుగుతున్నాను కదండీ."

"ఆలోచించుకోనివ్వండి. మీరు పుల్ల గీయగానే వెలగడానికి నేనేం కొవ్వొత్తిని కాదు."

ఆలోచించుకోనివ్వడం బెంజమిన్ స్వభావంలో లేదు. గుడివాడ అనే పేరు అతణ్ణి రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. ఇంతలో, మాస్టారు ఫోనుకు దరఖాస్తు పెట్టి ఐదేళ్లయినదనీ, ఇంకా వెయిటింగ్ లిస్టులోనే ఉన్నారనీ అతనికి తెలిసింది. మంగళవారం సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి, టీ తాగుతూ, ఎంతో వినయంగా విషయం కదిపాడు.

"మాస్టారండీ, మీరు ఊఁ అంటే గురువారానికల్లా కనెక్షన్ ఇప్పించేస్తాను."

అబ్రహాముగారు కప్పు కింద పెట్టారు.

"నా ముందు ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"కొంతమంది ఉన్నారండీ. అదంతా నేను చూసుకుంటాను."

"వాళ్ల వంతు లాక్కుని నాకిస్తావా? ఆ ఫోనులో నేను ఏ మొహం పెట్టుకుని మాట్లాడను నాయనా?" ఆయన స్వరం పెరగలేదు, అదే మరింత భయంకరంగా ఉన్నది. "రక్షకుడి కోసం తరతరాలవాళ్లు ఎదురుచూశారు. దేవుడికి వినపడకనా? పైరు ఈనకముందే కోసుకుంటామంటే ఏ రైతూ ఒప్పుకోడు. ఆయన మాత్రం ఒప్పుకుంటాడా? కాలం నిండేదాకా ఆగాడు. నిండాక, సత్రంలో చోటు లేదన్నా సరే, పశువుల పాకలోకైనా దిగొచ్చాడు గాని ఒక్కరోజు వాయిదా వెయ్యలేదు. అదీ ఆగమనమంటే. వెళ్లిరా."

తలుపు చాటున ఝాన్సీ ప్రతి మాటా విన్నది. గేటు దగ్గర బెంజమిన్ ఆమె వైపు తిరిగాడు. ముఖం ఎర్రబడి ఉన్నది.

"తప్పు చేశానండీ. ఇంక తొందర పెట్టను. మీ జవాబు ఎప్పుడొస్తే అప్పుడే. రాకపోయినా సరే."

అతడు అన్న మాట నిలబెట్టుకొన్నాడు. మూడో ఆదివారం వెనుక వరుసలో కూర్చున్నాడు. బయట నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు ఝాన్సీ గొడుగులో సగం ఖాళీగా ఉండిపోయింది. వారమంతా ఆమెకు ఆ ఖాళీయే కనబడుతూ వచ్చింది. గుడివాడవారి రాకకై సంతోషమ్మగారు బయటకు తీసిన పట్టుచీర మడత విప్పకుండానే మంచంమీద పడి ఉన్నది.

శనివారం మధ్యాహ్నం లైన్‌మన్ తీగచుట్టతో గుమ్మంలో నిలిచాడు. గంటలో హాల్లోని బల్లమీద కొత్త ఫోను వెలసింది. అది మోగగానే మాస్టారు ఒక అడుగు వెనక్కి వేశారు. ఝాన్సీ తీసింది.

"హలో, ఎక్స్ఛేంజి నుంచి టెస్టింగ్ అండీ. వినిపిస్తోందా?"

ఆ గొంతు ఆమెకు తెలుసు.

"వినిపిస్తోంది. ఇది మీ పనేనా?"

"అయ్యో, కాదండీ! ఆ రోజు తర్వాత నేను ఆ లిస్టు వైపు చూడను కూడా లేదు. లిస్టులో మీ ముందున్న మీ ఎదురింటి నాగేశ్వరరావుగారికి నిన్న పెట్టారు. ఇవాళ మీ వంతు వచ్చింది, అంతే."

నిన్న ఎదురింటికి తీగ లాగడం ఆమె స్వయంగా చూసింది. ఆమె రిసీవరు గట్టిగా పట్టుకొన్నది.

"ఇంకేమైనా టెస్ట్ చెయ్యాలా?"

"లేదండీ. అంతా క్లియర్‌గానే ఉంది."

"ఉండండి, లైన్ కట్ చెయ్యకండి. మీరొక మాట అడిగారు కదా. జవాబు చెబుతాను."

"ఇప్పుడా? ఇంకా క్రిస్మస్ రాలేదు కదండీ!"

ఆమె తండ్రివైపు తిరిగింది. "నాన్నగారూ, గుడివాడవాళ్లను రావద్దనండి. నేను బెంజమిన్‌గారిని చేసుకుంటాను."

"అమ్మాయీ! ఆగమన కాలంలో పెళ్లి మాటలా?"

"దేవదూత వచ్చేసరికి మరియమ్మకు యోసేపుతో ప్రధానం అయిపోయే ఉంది కదా నాన్నగారూ! మొదటి ఆగమనం పెళ్లి మాటలు జరిగిన ఇంట్లోనే మొదలైంది. 'పండగయ్యాక రావయ్యా' అని ఆవిడ దూతను వెనక్కి పంపిందా? కాలం నిండాక ఒక్కరోజు వాయిదా వెయ్యకూడదని మీరే అన్నారు."

నలభై ఏళ్లు పిల్లలకు పాఠం చెప్పిన అబ్రహాముగారు, తమకు తెలిసిన వాక్యభాగాలన్నిటినీ మనసులో తిరగవేశారు. ఖండన దొరకలేదు.

"పెళ్లయి ముప్పై ఏళ్లయింది, ఇంత చక్కటి మాట నాకొక్కసారి తట్టింది కాదు!" అన్నారు వంటింటి గుమ్మంలో సంతోషమ్మగారు.

మాస్టారు చేయి చాపి రిసీవరు అందుకొన్నారు.

"బెంజమిన్! విన్నావా?"

"అంతా విన్నానండీ మాస్టారూ."

"మీ అమ్మా నాన్నా పండక్కి మా ఇంటికి రావాలి. చర్చిలో పెళ్లి ప్రకటనలు జనవరిలో, మూడు ఆదివారాలు, పద్ధతిగా. సెమీలు గిమీలు కుదరవు. ఇక పెట్టెయ్, నేను గుడివాడకు మాట్లాడాలి. వాళ్లకు క్షమాపణ చెప్పడం నా బాధ్యత."

"మరేనండీ... వేరే ఊరికి మాట్లాడాలంటే ఎస్టీడీ ఉండాలండీ. దానికి వేరే దరఖాస్తు పెట్టాలండీ."

"దానికీ వెయిటింగ్ లిస్టేనా?"

"ఆఫీసులో మాట్లాడమంటారా అండీ?"

"వద్దు!" అని మాస్టారు చెప్పులు వేసుకొని, వీధి చివరి ఎస్టీడీ బూత్‌కు స్వయంగా నడిచి వెళ్లారు. వెనుక అరిసెల డబ్బా మూత చప్పుడు వినబడినా, వినబడనట్లే వెళ్లారు.

నాలుగో ఆదివారం కరెంటు పోలేదు. సంఘ పెద్దగా కొవ్వొత్తి వెలిగించవలసిన అబ్రహాము మాస్టారు వలయం దగ్గర క్షణంసేపు ఆగి, వెనుక వరుసలోని బెంజమిన్‌ను పిలిచి, అగ్గిపెట్టె అతని చేతిలో పెట్టారు. మొదటి మూడూ పొట్టివై, నాలుగోది ఒక్కటే నిటారుగా నిలిచి ఉన్నది. అతడు పుల్ల గీశాడు; వెలిగించి, ముందుజాగ్రత్తగా ఒక అడుగు పక్కకు జరిగి, గాయక బృందం వైపు భయంభయంగా చూశాడు.

ఝాన్సీ పాట పుస్తకం చాటున నవ్వుకొన్నది. ఈసారి ఆమె కదలలేదు.