మైకమ్మకు చెవుడట!

నుదుటి రాతనైనా తప్పించుకోవచ్చు గానీ ఆఫీసు రాతను తప్పించుకోలేమని జనంలో ఒక నమ్మకం ఉంది. ఒకసారి ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కిన మాట, నిజమైనా కాకపోయినా, నిజంగానే చలామణీ అవుతుందనీ, దాన్ని దించాలని తిరిగినవాడి చెప్పులు అరుగుతాయే తప్ప ఆ మాట అరగదనీ అంటారు. ఇలా అనేవాళ్లలో చాలామంది ఆ కాగితాన్ని చూపించమని ఒక్కసారైనా అడిగినవాళ్లు కారు. మైకమ్మ కూడా అడగలేదు.

మైకమ్మ అన్నది ఊరు పెట్టిన పేరు. రైల్వే స్టేషన్లో రైళ్ల రాకపోకలు ప్రకటించే ఉద్యోగంలో ఆమె జుట్టు నెరిసింది. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఆమె గొంతు చెబితే తప్ప ప్రయాణికులు పెట్టె ఎత్తేవారు కారు. ఆ గొంతు స్థానంలోకి రికార్డు చేసిన గొంతు వచ్చాక ఆమె ఇంటికి చేరింది గానీ అలవాటు మాత్రం స్టేషన్లో ఆగిపోలేదు. అచ్చులో ఏది కనిపించినా, అది సబ్బు మీది కాగితమైనా సరే, నిటారుగా నిలబడి పైకి చదవవలసిందే.

ఆ ఉదయం కోడలు బేకరీలో తెల్లవారుజాము పని ముగించుకుని వేడి రొట్టెతో ఇంటికి వచ్చింది. రొట్టె కోసి, బాగా కాలి నల్లబడిన చివరి ముక్కను అత్తగారి పళ్లెంలో వేసింది. ఆ ముక్క మైకమ్మకు ప్రాణం. కిటికీ వెలుతురులో కొడుకు ఒక కట్టుడుపళ్ల సెట్టును తిప్పి తిప్పి చూస్తున్నాడు. దంతవైద్యులకు అవి చేసి ఇవ్వడమే అతని వృత్తి. ఇంతలో తలుపు గంట మోగింది.

కోడలు కిటికీ తెర పక్కకు జరిపి చూసింది. "భుజాన సంచీ, మెడలో కార్డు పట్టీ, చేతిలో పుస్తకం. నీళ్ల మిషనో, దుమ్ము లాగే మిషనో అత్తయ్యా!"

"నువ్వు నీ చోట్లో ఉండు. నేను చూసుకుంటా" అంది మైకమ్మ.

ఇది ఆ ఇంటి ఆట. మైకమ్మ ఎవరికీ వద్దని చెప్పలేని మనిషి. ముగ్గురే ఉన్న ఆ ఇంట్లో ఒకప్పుడు దుమ్ము లాగే మిషన్లు నాలుగు ఉండేవి. వద్దనడం రానివాళ్లకు నటించడమైనా రావాలని అత్తాకోడళ్లు కలిసి ఈ ఉపాయం కనిపెట్టారు. ఆమె శాలువా కప్పుకుని, నడుం వంచి, దవడ జారవేసి తలుపు తీసింది.

"నీళ్లు శుభ్రం చేసే మిషనమ్మా!" అన్నాడు వచ్చినవాడు.

"సంతోషం నాయనా. పెళ్లెప్పుడు? పిల్ల ఏం చేస్తుంది?"

"పెళ్లి కాదమ్మా, మిషను! ఇంట్లో ఇంకెవరైనా..."

"ఎవరితో ఆ కబుర్లు?" వంటింట్లోంచి కోడలి కేక ఉరిమింది. "పొద్దస్తమానం ఇదే గోల! నోరు మూసుకుని లోపలికి రా!"

మైకమ్మ అతని వైపు వంగి, "చూశావుగా నాయనా, నా బతుకు" అని కళ్లు ఒత్తుకుంది. ఒక్కో రోజు ఒక్కో కొత్త మాట కలపడం ఆమెకు సరదా. అతను మెట్లు దిగి వెళ్లేదాకా ఓపికపట్టి, ఆ తర్వాత అత్తాకోడళ్లు గోడ పట్టుకుని మరీ నవ్వారు.

ఆ నవ్వు ఆరకముందే తపాలా వచ్చింది. గ్రంథాలయం నుంచి ఉత్తరం. శనివారాలు పిల్లలకు కథలు చదివి వినిపించడానికి మనుషులు కావాలని ప్రకటన చూసి మైకమ్మ దరఖాస్తు పెట్టుకుంది. ఒక పిల్లి కథను అద్దం ముందు ఎన్నిసార్లు చదివిందంటే కొడుకుకు కూడా కంఠతా వచ్చింది. ఆమె ఉత్తరం విప్పి, నిటారుగా నిలబడి చదివింది.

"'మీ ఆసక్తికి ధన్యవాదాలు. పురపాలక సంఘం వద్ద ఉన్న వృద్ధుల వివరాల ప్రకారం మీకు వినికిడి లేదు, మతిమరుపు తీవ్రంగా ఉంది. కనుక పిల్లల బాధ్యత మీకు అప్పగించలేకపోతున్నందుకు...'"

మిగతాది ఆమె చదవలేదు. ఆమె జీవితంలో మధ్యలో ఆపేసిన ప్రకటన అదొక్కటే.

"నాకు చెవుడట!" అంది. "ఈ మాట వాళ్లకెవరు చెప్పి ఉంటారు? ఈ ఇంట్లో నా చెవుల గురించి మాట్లాడింది ఒక్కరే."

వారం కిందట రేడియో మోత వీధి చివరిదాకా వినిపిస్తోందనీ, ఒకసారి చెవులు చూపించుకుంటే మంచిదనీ కోడలు అన్న మాట నిజమే.

"అంటే? నేనా?" కోడలి చేతిలో చాకు ఆగిపోయింది.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత?"

"నా ముఖం చూసి అనండి అత్తయ్యా. గోడకు చెబుతారేం?"

"గోడలకు చెవులుంటాయిగా. నాకే లేవట!"

"అమ్మా, అందులో ఏదో పొరపాటు..." అన్నాడు కొడుకు.

"నువ్వూరుకో!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఊరందరి నోళ్లలో పళ్లు అమర్చే ఆ మనిషికి ఇంట్లో తన నోరు తెరిచే అవకాశం ఎప్పుడూ తక్కువే.

కోడలు చాకు కింద పెట్టింది. "అనుమానాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నేను భోంచేయలేను. మన గురించి వాళ్లేం రాసుకున్నారో చూపించమని అడిగే హక్కు మనకుంది. తప్పుంటే దిద్దమనే హక్కూ ఉంది. అడగండి. అందులో నా ప్రస్తావన ఉంటే నేనే ఒప్పుకుంటా."

"ఆఫీసు రాత మారుతుందా, నీ పిచ్చిగానీ!"

"మారకపోతే మారకపోనీండి. ముందు చదువుదాం. చదవకుండానే ఏడవడం ఎందుకు?"

దరఖాస్తు పెట్టారు. జవాబు వచ్చేదాకా ఇంట్లో మాటలన్నీ కొడుకు మీదుగా నడిచాయి. "మీ అమ్మగారిని మందు వేసుకోమనండి." "వేసుకున్నానని చెప్పరా." మధ్యలో అతను అడకత్తెరలో పోకచెక్కలా నలిగాడు. తలుపు గంట మోగితే ఆట లేదు, నవ్వు లేదు. కొడుకే వెళ్లి వద్దని చెప్పి వచ్చేవాడు. అయినా ప్రతి ఉదయం నల్లబడిన చివరి ముక్క మాత్రం మైకమ్మ పళ్లెంలోకి వచ్చి పడుతూనే ఉంది. ఆమె తింటూనే ఉంది.

నకలు సిద్ధమైందని కబురు రాగానే ముగ్గురూ పురపాలక కార్యాలయానికి వెళ్లారు. హాలు నిండా జనం. అద్దం వెనక కూర్చున్న రికార్డుల ఉద్యోగిని గుర్తింపు కార్డు చూసి, కాగితం బయటికి జరిపింది. మైకమ్మ దాన్ని అందుకుని, అలవాటు చొప్పున నిటారుగా నిలబడింది.

"'సర్వే నిమిత్తం ఇంటికి వెళ్లగా...'"

ఆ గొంతు హాలు నాలుగు మూలలకూ పాకింది. వరుసలో ఉన్న ఒక పెద్దమనిషి తెలియకుండానే సంచీ ఎత్తి భుజాన వేసుకున్నాడు.

"'...వృద్ధ మహిళ తలుపు తీశారు. వినికిడి లేదు. వచ్చిన పని వివరించగా, పెళ్లెప్పుడు, పిల్ల ఏం చేస్తుందని అడిగారు...'" గొంతులో వేగం తగ్గింది. "'మతిమరుపు తీవ్రం. సొంత కొడుకును చూపించి, అద్దెకున్నవాడని చెప్పారు. లోపలినుంచి కోడలు కేకలు వేశారు...'" ప్లాట్‌ఫారం చేరుతున్న రైలులా ఆ గొంతు ఇంకా ఇంకా నెమ్మదించింది. "'కోడలు తిండి పెట్టడం లేదనీ, రొట్టె ముక్క మొహం చూసి చాలా కాలమైందనీ వృద్ధురాలు తెలిపారు.'"

"ఆకుపచ్చ సంచీ!" కోడలు నెత్తిమీద చెయ్యి పెట్టుకుంది. "పోయిన చలికాలం అత్తయ్యా! పుస్తకాలు అమ్ముకునేవాడని అనుకున్నాం!" ఆమెకు నవ్వు ఆగలేదు. కొడుకు గోడవైపు తిరిగి భుజాలు అదిరేలా నవ్వుతున్నాడు.

మైకమ్మ నవ్వలేదు. ఆ పొద్దున తిన్న రొట్టె రుచి ఇంకా ఆమె నాలుక మీద ఉంది.

"ఇది తప్పమ్మా. దిద్దాలి" అంది.

"తప్పెలా అవుతుందండీ?" అంది ఉద్యోగిని. "మావాడు చూసింది రాశాడు, విన్నది రాశాడు."

"చూసింది నిజమే, విన్నదీ నిజమే. ఉన్నది మాత్రం అది కాదు. నేను నటించాను."

"ఆవిడొక్కతే కాదండీ. కేకలు వేసింది నేను" అంది కోడలు.

"అద్దెకున్నవాణ్ణి నేను" అన్నాడు కొడుకు.

ఉద్యోగిని కళ్లజోడు తీసి ముగ్గురినీ చూసింది. వినికిడికీ జ్ఞాపకశక్తికీ డాక్టరు రాసిచ్చిన కాగితం తేవాలనీ, మిగతాదానికి సర్వే మళ్లీ జరగాలనీ చెప్పింది. ఆ తర్వాత వెనక బల్ల దగ్గరున్న తోటి ఉద్యోగి వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గొణిగింది: "ఈవిడ ఇప్పట్లో వదిలేలా లేదు. నా టీ చల్లారిపోతోంది."

"తాగి రామ్మా. మేమెక్కడికీ పోం" అంది మైకమ్మ.

హాలంతా గొల్లుమంది. ఉద్యోగిని ముఖం ఎర్రబడి, మరుక్షణం తనూ నవ్వేసింది. "డాక్టరు కాగితం మాత్రం తేవాలమ్మా. నా టీ సాక్ష్యం చెల్లదు."

"తెస్తాను. చెవుల సంగతి తర్వాత చూసుకుందాం, గ్రంథాలయం కూడా తర్వాతే. ముందు ఆ చివరి వాక్యం తీసేయండి."

"అది మీ కోడలి గురించిన మాట. ఆవిడ కూడా అడగాలి."

"ఉండనీండి అత్తయ్యా" అంది కోడలు నవ్వుతూనే. "ఎప్పుడైనా చదువుకుని నవ్వుకుందాం."

"ఉండకూడదు" అంది మైకమ్మ. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం ఆ ఊళ్లో ఎవరూ విని ఉండరు. "నీ మీద అలిగి కూడా నీ చేతి రొట్టే తిన్నాను. అది లేదని నా నోటితో చెప్పినట్టు అక్కడ ఉండకూడదు. ఆ రోజు గోడకు చెప్పాను. ఇప్పుడు నీ ముఖం చూసి చెబుతున్నా. తప్పు నాదే."

కోడలి నవ్వు ఆగిపోయింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, దిద్దుబాటు దరఖాస్తు కాగితం లాక్కుని సంతకం పెట్టింది. "సగం నాది. ఇంతకీ కేకలు బాగా వేశానా?"

"వీధికుక్కలు కూడా జడుసుకునేలా వేశావు."

డాక్టరు కాగితం ఇచ్చి వచ్చాక, మళ్లీ సర్వే జరిగే రోజు వచ్చింది. గంట మోగగానే మైకమ్మ దవడ దానంతటదే జారింది. "నడుం నిటారుగా అత్తయ్యా!" అని కోడలు గదమాయించింది. ఆకుపచ్చ సంచీ మనిషి గుమ్మం దాటడానికే జంకాడు. లోపల కూర్చోబెట్టి రొట్టె పెట్టాక గానీ పుస్తకం తెరవలేదు.

"భోజనం సంగతి ఏం రాయమంటారమ్మా?"

"మా కోడలు సాక్షాత్తూ అమృతం వండి..."

"అత్తయ్యా, అతిశయోక్తి వద్దు. మళ్లీ తప్పు సమాచారం అవుతుంది. కూరలో ఉప్పు ఎక్కువేస్తానని మొన్ననేగా అన్నారు?"

"ఎక్కువే వేస్తుంది నాయనా" అని ఒప్పుకుంది మైకమ్మ. "అదీ రాసుకో."

"నన్ను కూడా కొడుకని రాయండి" అన్నాడు కొడుకు. ఈసారి అతన్ని ఎవరూ ఊరుకోమనలేదు.

దిద్దిన నకలు తపాలాలో వచ్చింది. మైకమ్మ నిటారుగా నిలబడి చదివింది.

"'వినికిడి: ఉంది. జ్ఞాపకశక్తి: బాగుంది. ఇంట్లో ఉండేవారు: కొడుకు, కోడలు. భోజనం: వంట ముగ్గురూ చేసుకుంటారు, రొట్టె కోడలు తెస్తారు. పాత వివరాలు తప్పని తేలినందున తొలగించడమైనది.'"

ఆ నకలు చూపించి, ఆ పై శనివారం ఉదయం మైకమ్మ గ్రంథాలయంలో పిల్లలకు పిల్లి కథ చదివింది.